వ్యాక్సింగ్ తర్వాత గజ్జల్లో మంట: తడిగుడ్డ, కలబంద, కాలమైన్, మందుల షాపు ట్యూబు – ఏది మేలు?

రాయలసీమలో పెళ్లి ముహూర్తాలు ముమ్మరంగా ఉండే వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లోనే కర్నూలు, కడప, అనంతపురాల్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. పెళ్లికూతుళ్లు, వారి వెంట వెళ్లిన అక్కచెల్లెళ్లు బ్యూటీ పార్లరులో చేతులు, కాళ్లతో పాటు గజ్జల్లోని వెంట్రుకలు తీసే బికినీ వ్యాక్స్ కూడా చేయించుకుని, ఆ సాయంత్రానికి గజ్జల్లో మంటతో, నడిస్తే ఒరుసుకునే పొక్కులతో అవస్థ పడటం ఆ రోజుల్లో ఎక్కువ. ఈ సంగతి ఇంట్లో చెప్పుకోవడానికి మొహమాటం, డాక్టరుకు చూపించుకోవడానికి అంతకన్నా మొహమాటం. అందుచేత వంటింట్లోని కొబ్బరి నూనె మొదలుకొని మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ట్యూబు దాకా, చేతికి దొరికినదల్లా రాసేస్తారు. వీటిలో ఏది ఎప్పుడు పనికొస్తుందో, ఏది ఎప్పుడు చెరుపు చేస్తుందో పక్కపక్కన పెట్టి చూద్దాం. నా అభిప్రాయం ముందే చెబుతాను: మొదటి రోజున చల్లని తడిగుడ్డను మించిన వైద్యం లేదు, డాక్టరు చీటీ లేకుండా కొన్న ట్యూబును మించిన ప్రమాదమూ లేదు.

పోల్చే ముందు చర్మానికి ఏమవుతుందో తెలుసుకోవాలి, ఎందుకంటే ఒకే మంట కింద మూడు వేర్వేరు స్థితులు దాగి ఉంటాయి. వ్యాక్స్ వెంట్రుకను కుదురుతో సహా పెరికివేస్తూ, దానితో పాటు చర్మం పైపొరను కూడా కొంత లాక్కుపోతుంది. ఖాళీ అయిన కుదుళ్ల చుట్టూ రక్తప్రసరణ పెరిగి, చర్మం ఎర్రబడి, చుక్కచుక్కలుగా ఉబ్బుతుంది. ఇది మొదటి స్థితి. ఏ మందూ లేకుండానే సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో అణగిపోతుంది. తెరుచుకుని ఉన్న ఆ కుదుళ్లలోకి, మన చర్మం మీద ఎప్పుడూ ఉండే స్టెఫిలోకాకస్ వంటి బ్యాక్టీరియా చెమటతోనూ గోళ్లతోనూ చేరితే, ఆ తర్వాతి రోజుల్లో తెల్లని చీము తల ఉన్న పొక్కులు లేస్తాయి. ఇది రెండవ స్థితి, దీనినే ఫాలిక్యులైటిస్ అంటారు. వెంట్రుక తిరిగి మొలిచే వారాల్లో, బయటికి రావలసినది వంగి చర్మంలోనే పెరిగితే గట్టి గడ్డలాంటి పొక్కు వస్తుంది. ఈ మూడవ స్థితిని పార్లర్లలో ఇన్‌గ్రోన్ హెయిర్ అంటున్నారు. మొదటిదానికి పనికొచ్చేది రెండవదానికి పనికిరాదు, మూడవదానికి పనికొచ్చేది మొదటి రోజున రాస్తే పుండు పడుతుంది. ఏది మంచిదని చుట్టుపక్కల వాళ్లను అడిగేవారు, తమది ఏ రోజో, ఏ రకం పొక్కో చెప్పకుండానే అడగడం వల్ల తలా ఒక సలహా వినవలసి వస్తుంది.

తడిగుడ్డా, మంచుగడ్డా?

మొదటి రోజున కావలసినది చల్లదనం ఒక్కటే. శుభ్రమైన మెత్తని నూలు గుడ్డను చల్లని నీటిలో ముంచి, పిండి, మంట ఉన్నచోట పది నిమిషాలు ఉంచి, తీసి, గంటా రెండు గంటలు ఆగి మళ్లీ ఉంచాలి. చల్లదనానికి రక్తనాళాలు కుంచించుకుని వాపు, మంట రెండూ తగ్గుతాయి. మంచుగడ్డ ఇదే పని ఇంకా వేగంగా చేస్తుందని కొందరు ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పెట్టేస్తారు. పైపొర పలచబడిన చర్మానికి మంచు తగిలితే అదే ఒక గాయమవుతుంది. పెట్టి తీరాలంటే గుడ్డలో చుట్టి, అయిదు నిమిషాలకు మించకుండా పెట్టాలి. ఈ రెంటిలో నేను తడిగుడ్డకే ఓటు వేస్తాను.

మన ప్రాంతంలో దీనికి ఒక చిక్కు ఉంది. మే నెల మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు స్నానానికే కాగినట్టు ఉంటాయి. ఆ నీటిలో ముంచిన గుడ్డ మంటను పెంచుతుంది. తాగడానికి కుండలో పోసి పెట్టుకున్న నీళ్లు దీనికి సరిగ్గా సరిపోతాయి, ఫ్రిజ్ నీళ్లంత జివ్వుమనకుండా చల్లగా ఉంటాయి. పైగా అనంతపురం చుట్టుపక్కల బోరు నీళ్లు చాలా చోట్ల కఠిన జలాలు. వాటిలో సబ్బు సరిగా నురగ రాక, తెల్లని తెట్టులా చర్మం మీద మిగిలిపోతుంది. వ్యాక్స్ చేయించుకున్న చర్మానికి ఆ తెట్టు దురద తెచ్చిపెడుతుంది. కనుక మొదటి రోజున అక్కడ సబ్బు అసలు వద్దు, ఉత్త నీళ్లు చాలు. సుగంధం కలిపిన ఇంటిమేట్ వాష్ సబ్బుకు ప్రత్యామ్నాయం కాదు. వాసన కోసం కలిపినదే ఎక్కువగా మండిస్తుంది.

పార్లరులోనే వ్యాక్స్ మరీ వేడిగా తగిలి చర్మం కాలితే లెక్క వేరు. అది చురుకు కాదు, కాలిన గాయం. కాలిన వెంటనే ఇరవై నిమిషాల పాటు చల్లని నీళ్లు ధారగా పోయాలి. మంచు, టూత్‌పేస్టు, వెన్న, సిరా ఏవీ తాకించరాదు. బొబ్బ లేచినా, చర్మం ఊడి పచ్చిగా కనిపించినా ఇంటి వైద్యం గురించి ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

కొబ్బరి నూనె ఎక్కడ మంచిది, ఎక్కడ కాదు

కొబ్బరి నూనె మీద మనవాళ్లకు ఉన్న నమ్మకం మీద నాకు గౌరవమే కానీ, మొదటి రోజున దానికి ఒకే ఒక పని ఉంది. వ్యాక్స్ తీసిన తర్వాత చర్మానికి అంటుకుని మిగిలిన జిగురు నీళ్లతో పోదు. దూదిని నూనెలో ముంచి మెల్లగా అద్దితే కరిగిపోతుంది. ఆ తర్వాత ఆ నూనెనూ తుడిచి, నీళ్లతో కడిగేయాలి. చల్లదనం కోసమని దట్టంగా రాసి ఉంచుకుంటే, నూనె పొర కింద వేడి, చెమట రెండూ నిలిచిపోయి, తెరుచుకున్న కుదుళ్లు మూసుకుపోతాయి; చీము పొక్కులకు అంతకన్నా అనువైన చోటు ఉండదు. నాలుగైదు రోజులు గడిచి, మంట పూర్తిగా పోయి, చర్మం పొడిబారి పొట్టు రాలుతుంటే అప్పుడు రెండు చుక్కల నూనె మేలు చేస్తుంది. కొత్తగా పెళ్లయినవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: కొబ్బరి నూనె అయినా మరే నూనె అయినా రబ్బరు కండోమును బలహీనపరుస్తుంది. అసలు వ్యాక్స్ తర్వాత ఒకటి రెండు రోజులు సంపర్కానికి దూరంగా ఉండటమే చర్మానికి మంచిది.

కలబందా, కాలమైనా?

అసలైన పోటీ ఈ రెంటి మధ్యనే, ఎందుకంటే రెండూ చల్లబరుస్తాయి, రెండూ చవక, రెండింటికీ డాక్టరు చీటీ అక్కరలేదు.

పెరట్లోని కలబంద తాజాగా ఉంటుంది, అందులో సుగంధం ఉండదు, రంగు ఉండదు. అయితే మట్టను కోసిన వెంటనే గుజ్జు తీసి రాసుకోవడం పొరపాటు. కోసిన వైపు కిందికి వచ్చేలా మట్టను ఒక గిన్నెలో పావుగంట నిలబెట్టి చూడండి. తొక్క కింది పొర నుంచి పసుపు పచ్చని, చేదు వాసన గల రసం కారి గిన్నె అడుగున చేరుతుంది. అలోయిన్ అనే పదార్థం ఉండే ఆ రసమే చాలామందికి దురద, దద్దుర్లు తెస్తుంది. అది కారిపోయాక మట్టను కడిగి, అంచుల ముళ్లు కోసేసి, పచ్చని తొక్క మిగలకుండా చెక్కి, మధ్యలోని గాజులాంటి గుజ్జును మళ్లీ ఒకసారి కడిగి అప్పుడు వాడాలి. గజ్జల్లో రాసే ముందు మోచేతి మడతలో కొద్దిగా రాసి చూసుకోవాలి. వ్యాక్స్‌కు ముందు రోజే ఈ పరీక్ష చేసుకుంటే ఇంకా మంచిది, మండుతున్నప్పుడు పరీక్షలు చేసే ఓపిక ఎవరికీ ఉండదు. షాపుల్లో దొరికే ఆకుపచ్చ జెల్‌లో కలబంద పేరుతో పాటు రంగు, సుగంధం, కొన్నింటిలో ఆల్కహాలు కూడా ఉంటాయి. డబ్బా వెనుక చిన్న అక్షరాల్లో ఉన్న ఆ పేర్లు చదివి, ఈ మూడూ లేనిదే కొనాలి.

కాలమైన్ లోషన్‌లో ప్రధానంగా ఉండేది జింక్ ఆక్సైడ్. దానికి ఆ గులాబీ రంగు ఇచ్చేది కొద్దిగా కలిపిన ఐరన్ ఆక్సైడ్. సీసాను బాగా కుదిపి రాస్తే నీరు ఆవిరయ్యేటప్పుడు చల్లబరుస్తుంది, మిగిలిన పొడి పూత దురదను అణుస్తుంది. తొడ లోపలి వైపు, పొత్తికడుపు కింది భాగం వంటి బయటి చర్మానికి ఇది చక్కగా పనిచేస్తుంది. గజ్జల మడతలో మాత్రం చెమటకు తడిసి, గడ్డకట్టి, నడిచినప్పుడు ఇసుకలా ఒరుసుకుంటుంది. తేమగా ఉండే లోపలి చర్మానికి దీనిని తగలనివ్వకూడదు.

కనుక మడతల్లో కలబంద, మడతలకు బయట కాలమైన్ అన్నది నా తీర్పు. కలబంద పడనివారు ఏదీ రాయకుండా తడిగుడ్డతోనే రెండు రోజులు గడిపితే నష్టమేమీ లేదు. దురద నిద్ర పట్టనివ్వకపోతే సెట్రిజిన్ మాత్ర కొందరికి ఉపకరిస్తుంది కానీ, అది దద్దుర్ల దురదకు గాని పెరికిన చర్మం మంటకు కాదు.

వంటింట్లోవి, స్నానాల గదిలోవి

పసుపు ఎంత ప్రియమైనదే అయినా దీనికి వద్దంటాను. పసుపుకు కొందరి చర్మం ఎలర్జీతో స్పందిస్తుంది, కొట్లో కొన్న పసుపులో కల్తీ రంగు ఉంటే ఆ రంగు నేరుగా తెరుచుకున్న కుదుళ్లలోకి వెళుతుంది, పైగా ఎరుపు పెరిగిందో తగ్గిందో ఆ పచ్చదనం కింద కనిపించదు. వేపాకు కాచిన నీళ్లను పూర్తిగా చల్లార్చి గుడ్డ ముంచడానికి వాడితే తప్పు లేదు. అందులో మేలు చేసేది ఎక్కువగా ఆ చల్లని నీళ్లే. పటిక మంగలి షాపులో గడ్డానికి సరే, ఇక్కడ చురుక్కుమనడం తప్ప ఒరిగేది లేదు. యాంటిసెప్టిక్ ద్రవాన్ని నీళ్లు కలపకుండా దూదితో అద్దడం మాత్రం అన్నింటిలోకీ చెడ్డ అలవాటు: సూక్ష్మజీవుల సంగతి తర్వాత, ముందు చర్మమే కాలుతుంది.

చెమట కోసమని టాల్కమ్ పౌడరు చల్లుకునేవారు చాలామంది. క్యాన్సర్ పరిశోధనకు అంతర్జాతీయ సంస్థ ఐఏఆర్‌సీ 2006లో జననాంగాల వద్ద టాల్క్ పౌడరు వాడకాన్ని క్యాన్సర్‌కు కారణం కావచ్చునన్న వర్గంలో చేర్చింది. 2024లో టాల్క్‌ను ఇంకో మెట్టు పైకి, బహుశా కారణమవుతుందన్న వర్గంలోకి మార్చింది. ఆ సంగతి పక్కన పెట్టినా, పొడి కుదుళ్లలో కూరుకుని పొక్కులు పెంచుతుంది. చెమటకు అసలు మందు వదులైన నూలు లోదుస్తులు, వదులైన పైజామా. జీన్స్, లెగ్గింగులు రెండు రోజులు పక్కన పెట్టాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలిపిన స్కూటీ సీటు మీద కూర్చుని పార్లరు నుంచి ఇంటికి రావడం కన్నా, సాయంత్రం చల్లబడ్డాక వ్యాక్స్‌కు వెళ్లడం తెలివైన పని.

మందుల షాపు ట్యూబు

దీని దగ్గర కాస్త ఆగాలి. మందుల షాపులో జరిగే సంభాషణ దాదాపు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. “అన్నా, దురదకు ఏదన్నా ట్యూబు ఈయన్నా” అని ఆమె గొంతు తగ్గించి అడుగుతుంది. “యాడమ్మా?” అని అతను అడిగితే “తొడలకాడ” అంటుంది. “ఇది పూయమ్మా, రాత్రికల్లా తగ్గుతాది” అని ఒక ట్యూబు కాగితంలో చుట్టి ఇస్తాడు. అతను అబద్ధం చెప్పలేదు, నిజంగానే రాత్రికల్లా తగ్గుతుంది. చిక్కంతా అక్కడే.

ఆ ట్యూబు మీద చిన్న అక్షరాలు చదివితే సాధారణంగా మూడు మందుల పేర్లు కనిపిస్తాయి: ఒక స్టెరాయిడ్, ఒక యాంటిబయోటిక్, ఒక ఫంగస్ మందు. క్లోబెటసాల్, బీటామెథాసోన్ అన్నవి స్టెరాయిడ్లు. క్లోబెటసాల్ వాటిలో అత్యంత బలమైన వర్గానికి చెందినది. నియోమైసిన్, జెంటామైసిన్ యాంటిబయోటిక్‌లు. మైకోనజోల్, క్లోట్రిమజోల్ ఫంగస్ మందులు. జబ్బు ఏదో తెలియనప్పుడు మూడింటినీ ఒకేసారి రాయడమంటే, తాళం ఏదో చూడకుండా మూడు తాళపుచెవులు కలిపి దూర్చడం లాంటిది. మంట అణిగేది స్టెరాయిడ్ వల్ల. కానీ జననాంగాల చర్మం పలచన. మందును ముంజేతి చర్మం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. 1967లో హైడ్రోకార్టిసోన్‌తో చేసిన కొలతల్లో పురుషుల వృషణాల చర్మం ముంజేతి కన్నా సుమారు 42 రెట్లు పీల్చుకున్నట్టు తేలింది. బలమైన స్టెరాయిడ్‌ను వారాల తరబడి రాస్తే గజ్జల చర్మం కాగితంలా పలచబడి, ఎప్పటికీ పోని చారలు పడతాయి. గజ్జల్లో అప్పటికే ఫంగస్ వల్ల వచ్చే తామర కొద్దిగా ఉంటే, స్టెరాయిడ్ దాని ఎరుపును మాత్రం అణచి లోలోపల పాకనిస్తుంది. ట్యూబు ఆపగానే అది రెట్టింపై బయటపడుతుంది, మనిషి మళ్లీ అదే ట్యూబు కొంటుంది.

ఈ వాడకం దేశమంతటా ఎంత పెరిగిందంటే, చర్మవైద్యుల ఒత్తిడి మీద కేంద్ర ప్రభుత్వం 2018లో 14 స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్ పరిధిలోకి తెచ్చింది. చీటీ అడగని షాపులు ఇంకా ఉన్నాయన్నది మనందరికీ తెలిసినదే.

ఒక శాతం హైడ్రోకార్టిసోన్ వీటన్నింటిలో తేలికైనది. వ్యాక్స్ తర్వాత వాపు మరీ ఎక్కువగా ఉంటే డాక్టర్లు రెండు మూడు రోజులకు దానిని రాయడం కద్దు. తడిగుడ్డతో పోలిస్తే అది వేగంగా పనిచేస్తుందన్నది నిజమే, కానీ తడిగుడ్డతో ఒకటి రెండు రోజుల్లో పోయేదానికి డాక్టరు చెప్పకుండా స్టెరాయిడ్ అలవాటు చేయవలసిన అవసరం నాకు కనిపించదు.

చీము పొక్కుకు, ముడుచుకున్న వెంట్రుకకు

మూడవ నాటికి తెల్లని తలతో నాలుగైదు పొక్కులు లేస్తే ఇప్పటిదాకా చెప్పినది తిరగబడుతుంది. ఇప్పుడు కావలసినది చల్లని గుడ్డ కాదు, చర్మం ఓర్చుకోగల వేడి నీటిలో ముంచి పిండిన గుడ్డ. పది పదిహేను నిమిషాల చొప్పున రోజుకు మూడుసార్లు కాపడం పెడితే పొక్కు తనంతట తానే పగిలి ఆరిపోతుంది. గిల్లడం, పిన్నుతో పొడవడం వద్దు. ఒకరు వాడిన గుడ్డ ఇంకొకరు వాడకుండా, వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరవేయాలి. ఎండకు మన దగ్గర కొదవ లేదు. పొక్కులు పెరుగుతూ పోతే మ్యుపిరోసిన్ అనే యాంటిబయోటిక్ ఆయింట్‌మెంటును డాక్టర్లు రాస్తారు. మూడు మందుల ట్యూబుతో పోలిస్తే ఇది చేసే పని ఒక్కటే, ఆ పనిని సరిగా చేస్తుంది. కానీ ఇది కూడా చీటీతో వాడవలసిన మందే.

లోపలికి పెరిగిన వెంట్రుకను రాకుండా ఆపడం తేలిక, వచ్చాక తీయడం కష్టం. మూడు నాలుగు రోజులు గడిచి మంట పూర్తిగా పోయాక, వారానికి రెండుసార్లు మెత్తని తడిగుడ్డతో గుండ్రంగా రుద్దితే చాలు. సున్నిపిండి చేతులకు, కాళ్లకు మంచిదే కానీ గజ్జలకు గరుకు ఎక్కువ. సాలిసిలిక్ ఆమ్లం రెండు శాతం లోపు ఉన్న లోషన్ బయటి చర్మం మీద మృతకణాలను సడలించి వెంట్రుకకు దారి ఇస్తుంది; వ్యాక్స్ చేయించుకున్న మొదటి రెండు రోజుల్లో దానిని తాకరాదు, గర్భిణులు డాక్టరును అడగకుండా వాడరాదు.

ప్రతిసారీ ఇదే అవస్థ వస్తే

కొందరికి ఎంత జాగ్రత్త పడినా ప్రతి వ్యాక్స్ తర్వాత ఇదే జరుగుతుంది. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నవారు, మానేసి ఆరు నెలలు కానివారు వ్యాక్స్ జోలికే వెళ్లకూడదు, వారి చర్మం పట్టీతో పాటు ఊడివస్తుంది. మధుమేహం ఉన్నవారు ముందుగా డాక్టరును అడగడం మంచిది. మిగిలినవారికి వ్యాక్స్, బ్లేడు, వెంట్రుకలు పోగొట్టే క్రీము, ట్రిమ్మరు అనే నాలుగింటిలో చర్మానికి అతి తక్కువ హాని చేసేది ట్రిమ్మరే, ఎందుకంటే అది వెంట్రుకను చర్మం పైనే కత్తిరించి వదిలేస్తుంది, కుదురు జోలికి పోదు. నున్నదనం తక్కువ, నిశ్చింత ఎక్కువ. ఆ చోట వెంట్రుకలు తీయడం శుభ్రత కోసం అవసరమన్న మాటకు వైద్యపరమైన ఆధారం లేదు. ఆ వెంట్రుకలు ఒరిపిడి నుంచి చర్మాన్ని కాపాడుతాయి. కాన్పుకు ముందు ప్రతి గర్భిణికీ అక్కడ గొరగడం అనే పాత ఆనవాయితీని సైతం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో వద్దంది. తీయాలా వద్దా అన్నది ఎవరి ఇష్టం వారిది. పెళ్లి కోసం వ్యాక్సే కావాలనుకుంటే ముహూర్తానికి ముందు రోజున కాక వారం ముందు చేయించుకుంటే, ఈ మూడు స్థితుల్లో మొదటి రెండూ పెళ్లి నాటికి వచ్చిపోయి ఉంటాయి.

జ్వరం వచ్చినా, ఎరుపు రోజురోజుకూ పాకుతున్నా, గడ్డ పెద్దదై కదిలితే నొప్పి పెడుతున్నా, మూడు రోజులకు కూడా మంట తగ్గకపోయినా ఇంటి వైద్యం ఆపేయాలి. చిన్న చిన్న నీటి బుగ్గలు గుత్తిగా లేచి విపరీతంగా నొప్పి పెడితే అది వైరస్ వల్ల వచ్చే హెర్పిస్ కావచ్చు; దాని మందు మొదటి మూడు రోజుల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. మధ్యలో గుంట ఉన్న ముత్యాల వంటి పొక్కులు మొలస్కమ్ అనే మరో వైరస్ జబ్బు కావచ్చు, వాటి మీద మళ్లీ వ్యాక్స్ చేయిస్తే పక్కలకు వ్యాపిస్తాయి. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో, కడప రిమ్స్‌లో, అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగాలు ఉన్నాయి. పరీక్ష సమయంలో ఒక మహిళా సిబ్బంది పక్కన ఉండాలని అడిగే హక్కు రోగికి ఉంటుంది. వ్యాక్స్ ఏ రోజున చేయించుకున్నారో, పొక్కులు ఏ రోజున లేచాయో, వాటి మీద ఏమేమి రాశారో దాచకుండా చెప్పాలి. వాడిన ట్యూబు ఖాళీదైనా సరే వెంట తీసుకెళ్లాలి, స్టెరాయిడ్ రాసిన చర్మం మీద తామర తన అసలు రూపంలో కనిపించదు కనుక డాక్టరు ముందుగా చూడవలసినది ఆ ట్యూబు మీది పేర్లనే.